పసుపు తలంబ్రాలు

"బూట్లు బయట విడిచి రండి సార్, లోపల పిల్లలున్నరు" అన్నాడు పగిడయ్య.

ఆ ల్యాబ్‌కు ఎంతటివాడు వచ్చినా వాచ్‌మన్ పగిడయ్య అనే మాట అదే. కారు దిగే పెద్ద ఆఫీసరైనా అంతే, కరెంటు మీటరు చూసేవాడైనా అంతే. ఆరోజు వచ్చినవాడు తెల్లకోటులో ఉన్నాడు. మెడలో పాసు వేలాడుతోంది. నవ్వు మొహం. అలాగేనయ్యా అంటూ లేసు విప్పడానికి వంగినట్టే వంగాడు. లేచేసరికి చేతిలో సైలెన్సర్ బిగించిన పిస్టల్ ఉంది. ఎవరో దగ్గినంత చప్పుడైంది. పగిడయ్య కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పక్కకు ఒరిగాడు. కుర్చీ కింద అన్నం డబ్బా మూతైనా తియ్యలేదు. పట్టపగలు. గేటు అవతల ఖమ్మం బైపాస్ మీద లారీలు పోతూనే ఉన్నాయి.

వచ్చినవాడు బూట్లతోనే లోపలికి నడిచాడు.

కాసేపటికి అక్కడికి చేరిన ఏజెంట్ సంపత్‌కు నెత్తురు మరక కన్నా ఆ బూటు గుర్తులే కడుపు మండించాయి. అద్దంలా తుడిచిపెట్టుకున్న నేల మీద, గుమ్మం నుంచి లోపలి గది దాకా, దర్జాగా, ఎవరబ్బ సొమ్మో తొక్కుకుంటూ పోయినట్టు ఉన్నాయి. పగిడయ్య కళ్లు మూసి, అన్నం డబ్బాను పక్కకు పెట్టి లేచాడు సంపత్. మనిషిని చంపినవాణ్ణి పట్టుకోవడం అతని ఉద్యోగం. కానీ ఆ లోపలి గదిలోంచి ఏం పోయిందో తెలిశాక అది ఉద్యోగంలా అనిపించలేదు.

మిర్చి యార్డు వెనక సందులో ఒక కోల్డ్ స్టోరేజీ ఉంది. బయట బోర్డు మీద "కిషన్‌లాల్, మిర్చి కమీషన్ ఏజెంట్" అని ఉంటుంది. బస్తాల వరసలు దాటి పోతే ఇనుప తలుపు. తలుపు వెనక కంప్యూటర్ తెరలు, వైర్‌లెస్ సెట్లు, ఏ సర్కారు కాగితం మీదా పేరు కనిపించని ఒక ఆఫీసు. అక్కడికొచ్చిన ప్రతివాడి కళ్లూ ఎర్రగానే ఉంటాయి. ఏడ్చాడో, ఘాటుకో ఎవరూ అడగరు. ఆవేళ సంపత్ కళ్లు మాత్రం మిర్చి వల్ల ఎర్రబడలేదు.

చీఫ్ కిషన్‌లాల్ తెర మీద ఒక ఫొటో వేశాడు.

"నాగచైతన్య. కోడ్‌నేమ్ విక్టర్. హెలిక్స్ ముఠాకు ఈ దేశంల చెయ్యి, కాలు అన్నీ వీడే. సింగపూర్‌ల పెరిగిండు. ఏడు భాషలు మాట్లాడతడు, ఏ భాషల కూడా నిజం చెప్పడు. పగిడయ్యను కాల్చింది వీడే. ఎత్తుకపోయింది ఏందో మేడమ్ చెప్తరు."

మేడమ్ అంటే డాక్టర్ సుజన. సత్తుపల్లి ఆడపడుచు, ఆ ల్యాబ్ ఆమెదే. మామూలుగా నెమ్మదస్తురాలు. ఆరోజు ఇచ్చిన మంచినీళ్ల గ్లాసును విసురుగా పక్కకు నెట్టేసింది.

ఆమె చెప్పింది ఇదీ. నిరుడు వానాకాలం బొగ్గుగనుల కాలనీల్లో, అడవి పల్లెల్లో ఫ్రీ మెడికల్ క్యాంపులు పెట్టారు. నోర్‌వాల్ట్ అనే విదేశీ కంపెనీ కొత్త జ్వరం మాత్రలు పంచింది. ఊరికే వస్తున్నాయి కదా అని జనం చేతులు చాచారు. జ్వరం తగ్గింది, అబద్ధం ఎందుకు. ఆ తర్వాత కొందరికి కళ్లు పచ్చబడ్డాయి. లోపల కాలేయం మైనంలా కరగడం మొదలైంది. ఇదేమని అడిగితే మీవాళ్లు నాటుసారా తాగుతారు, మా మాత్రదేం తప్పు లేదని కంపెనీ మెయిలు పంపింది. మణుగూరు కాలనీలో ఇంటర్ చదివే హర్షితకూ అదే జవాబు. సారా వాసన తగిలితే రోడ్డు అవతలి పక్కకు పోయి నడిచే పిల్ల అది.

అప్పుడు సుజన హర్షిత కాలేయంలోంచి సూదితో చిటికెడు ముక్క తీసింది. ఆ కణాలను జెల్లీ బొట్లలో నాటింది. వారాల తరబడి, పొద్దూమాపూ పోషణ నీళ్లు మారుస్తూ, ఒంటి వేడి తగ్గకుండా చూసుకుంటూ పెంచింది. అవి గసగసాలంత గింజలయ్యాయి. ఒక్కో గింజా ఒక చిట్టి కాలేయం. దాన్ని ఆర్గనాయిడ్ అంటారు. కాలేయం చేసే పని చాలామటుకు చేస్తుంది, విషం పడితే కాలేయంలాగే విలవిల్లాడుతుంది. అదీ ఎవరో ఊరూపేరూ లేని మనిషిది కాదు, అచ్చంగా హర్షితదే. పక్కింటివాడికి పడిన మందు మనకు పడాలని లేదు కదా. ఆ పిల్ల ఒంట్లోకి ఏ మందైనా ఎక్కించేముందు, ఆ పిల్లవే అయిన ఈ గింజల మీద వేసి చూడొచ్చు. పగిడయ్య పిల్లలన్నది వాటినే.

కంపెనీ మాత్ర చుక్క వేస్తే గింజలు నల్లబడ్డాయి. సారా లేదు, కల్లు లేదు, ఒట్టి మాత్రే. దొంగ దొరికాడు. అంతటితో ఊరుకోక సుజన దెబ్బతిన్న గింజల మీద ఒక్కో వరసకు ఒక్కో విరుగుడు వేసింది.

"రెండు వరసలు తేరుకుంటున్నట్టు కనిపించాయండి" అందామె. "రెంటిలో ఒకటే మందు. రెండోది పైకి బాగుచేసినట్టు చేసి లోపల చంపుతుంది. రేపు సాయంత్రం చూస్తేగానీ తేలదు. ఈలోపే పళ్లెంతో సహా ఎత్తుకుపోయారు."

"మళ్ల పెంచరాదా మేడమ్?" అన్నాడు సంపత్.

"పెంచడానికి వారాలు కావాలి. హర్షితకు రేపు సాయంత్రం దాటితే ఏ మందూ పనిచెయ్యదు. అలాగని చీటీ వేసి మందు ఎక్కించలేను కదా. తప్పు మందు పడితే ఆ కాలేయం ఇంకో దెబ్బ తట్టుకోలేదు."

నోర్‌వాల్ట్ డబ్బుతో పనిచేసే ముఠాకు ఆ గింజలు బతికే కావాలి. ఏ వరస తేరుకుంటే ఆ మందు నోర్‌వాల్ట్ పేటెంట్ చేసుకుంటుంది. పాము తనే కాటేసి, తనే పసరు అంగడి తెరిచినట్టు. విషం వాళ్లదే, విరుగుడూ వాళ్లదే, నడుమ చచ్చేది మాత్రం బొగ్గు తవ్వేవాడి బిడ్డ. సంపత్ బల్ల మీద పెట్టిన పిడికిలి విప్పలేదు.

కిషన్‌లాల్ ఇంకో ఫొటో వేశాడు. నల్ల కళ్లద్దాలు, చెవులకు ముత్యాలు, సినిమా పోస్టరు మీంచి దిగి వచ్చినట్టున్న మనిషి. రోజారాణి. నోర్‌వాల్ట్‌లో పెద్ద జీతగత్తె, హెలిక్స్‌కు నమ్మిన బంటు, చాటుగా కిషన్‌లాల్‌కు కబురులందించే డబుల్ ఏజెంట్. ఇంగ్లీషు తప్ప మాట్లాడగా సంపత్ వినలేదు.

"ల్యాబ్ గేటు తెరిచిన పాసు ఆమెదే" అన్నాడు కిషన్‌లాల్. "పొద్దున ఆమె ఫోన్‌కెళ్లి మెసేజ్ వచ్చింది, రాములోరి పెళ్లికి భద్రాచలం పోతున్నం అని. మెసేజ్ ఆమె పెడితే చివర్ల 'కారం సరిపోయింది' అని ఉండాలె. లేదు. అంటే ఫోను వేరేటోని చేతుల ఉంది. లేకపోతే ఆమెనే అటు తిరిగింది."

"తిరిగింది సార్. పగిడయ్య పాణం తీసుకోని తిరిగింది."

కిషన్‌లాల్ తెర మీద గింజల పళ్లెం ఉన్న బాక్స్ బొమ్మ చూపించాడు. టిఫిన్ డబ్బాంత ఇంక్యుబేటర్, లోపల ఎప్పుడూ ఒంటి వేడి ఉంటుంది. బ్యాటరీ రేపు సాయంత్రం దాకా కూడా రాకపోవచ్చు. కోడిపెట్ట రెక్కల కింద గుడ్లను దాచినట్టు దాస్తుంది గనుక, మిషన్‌కు ఆపరేషన్ కోడిపెట్ట అని పేరు పెట్టాడు. ఢిల్లీవాళ్లకు ఆ పేరు నచ్చలేదట. ఆయన లెక్క చెయ్యలేదు.

"సార్, ఒక మాట. హర్షిత మా అక్క బిడ్డ. మన రూల్ ప్రకారం ఈ పని నాకియ్యద్దు."

"నాకు తెల్వదనుకున్నవా? రూలు తెల్సు, నువ్వూ తెల్సు. కోపమున్నోడే కావాలె నాకు. కానీ సంపత్, కోపాన్ని తుపాకిల పెట్టకు. కండ్లల్ల పెట్టు."

బయల్దేరేముందు సంపత్ దవాఖానాకు పోయాడు. హర్షిత పసుపు ముద్దలా పడుకుని ఉంది. తెరిచిన కళ్లలో తెలుపే లేదు. ఈయేడు కల్యాణానికి తీసుకపోతనంటివి కద మామా అంది, మాట మాటకూ ఆయాసపడుతూ. అక్క మాత్రం తమ్ముడి చొక్కా అంచు పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఏడిస్తే ఓదార్చవచ్చు. ఏడవని మనిషికి ఏం చెబుతాం?

శ్రీరామనవమి. మిట్టమధ్యాహ్నం దాటింది. భద్రాచలంలో కల్యాణం ముగిసింది, జనం ఏరులై తిరుగుముఖం పట్టారు.

ఊరు దాటి అడవి మొదలయ్యేచోట చెక్‌పోస్టు ఉంది. అది దాటితే పక్క రాష్ట్రం అడవి, అందులో హెలిక్స్ వాళ్ల జీపు. గోదావరి వంతెన మీదా, అవతల బూర్గంపాడు వైపూ బండి బండినీ పోలీసులు విప్పి చూస్తున్నారు. అందుకే ముఠా బండెక్కదని కిషన్‌లాల్ అంచనా. పైగా జెల్లీ బొట్లు కుదుపుకు ఆగవు. గుంతల రోడ్డు మీద బండిలో పోతే అడవి చేరేలోపే చితికిపోతాయి. ఎవరో ఒకరు నెత్తిన పెట్టుకునో, చేత పట్టుకునో, కడవ మోసినట్టు కదలకుండా నడిచి పోవాల్సిందే.

సంపత్ నెత్తికి తువ్వాలు చుట్టి, మాసిన బనీను తొడిగి, చెక్‌పోస్టు పక్కన చలివేంద్రంలో మజ్జిగ పోస్తున్నాడు. తువ్వాలు మడతలో ఇయర్‌పీస్. మజ్జిగ కాగు వెనక పిస్టల్. కళ్లకు ఢిల్లీ నుంచి తెప్పించిన థర్మల్ గాగుల్స్, చూడ్డానికి జాతరలో అమ్మే చలవద్దాల్లా ఉంటాయి. ఏ వస్తువు ఎంత వేడిగా ఉందో రంగుల్లో చూపిస్తాయి. బాక్స్ వేడిని ఇట్టే పట్టేస్తాయని ఢిల్లీవాళ్ల భరోసా.

భద్రాచలం ఎండల సంగతి ఢిల్లీవాళ్లకేం తెలుసు. రోడ్డు ఎర్రగా, బండరాళ్లు ఎర్రగా, జనం నెత్తిన ఇత్తడి గిన్నెలు ఎర్రగా, చివరికి మేక కూడా ఎర్రగా కనిపించింది. సంపత్ వాటిని తీసి నడుముకు దోపాడు.

"సార్, మీ గాగుల్స్‌ల నాకు హోలీ కనబడుతుంది" అన్నాడు మెల్లగా.

"అయితే కండ్లు వాడు" అన్నాడు చెవిలో కిషన్‌లాల్.

చుట్టుపక్కల ఊళ్ల భజన బృందాలు తమ ఊరి రాముడి పెళ్లికని భద్రాద్రి తలంబ్రాలు గుండిగల్లో పోసుకుని, మూతికి బట్ట కట్టి, నెత్తిన పెట్టుకుని నడిచిపోతున్నాయి. బాక్స్ ఉంటే వాటిలోనే ఉండాలి. కానీ దేవుడి తలంబ్రాల్లో చెయ్యి పెట్టి కెలికే కానిస్టేబుల్ ఆ జిల్లాలో ఇంకా పుట్టలేదు. కెలికాడో, అక్కడే జనం చేతిలో అతని పెళ్లి అవుతుంది.

అడిగితే మాత్రం కాదనరు. తలంబ్రాలు మోసుకుపోయేవాణ్ణి దారిలో ఎవరడిగినా చిటికెడు పెట్టకుండా పోకూడదు. సంపత్‌కు ఆ సంగతి చిన్నప్పుడే తెలుసు. గ్లాసు మజ్జిగ ఇవ్వడం, తువ్వాలు కొస పట్టి చిటికెడు తలంబ్రాలియ్యుండ్రి అనడం. కల్యాణం ముగిసినప్పటి నుంచీ అదే పని. ఇచ్చేవాళ్ల చేతులు చూశాడు, మొహాలు చూశాడు, గుండిగ బరువుకు మెడ ఎలా ఉందో చూశాడు. కొసన మూట కట్టిన గింజలు ఎర్రగా మెరుస్తున్నాయి. మిగతా చోట్ల తలంబ్రాలంటే పసుపు కలిపిన బియ్యం. భద్రాద్రి రామయ్య పెళ్లికి గులాల్ కలుపుతారు. అందుకని ఇక్కడివి ఎర్రగా ఉంటాయి. ఆ చుట్టుపక్కల పాలు మరిచిన పిల్లకైనా ఇది ఒకరు చెప్పనక్కర్లేదు.

అప్పుడు ఇంకో బృందం వచ్చింది. ముందు డోలక్ మోస్తూ ఒకడు, చిడతలు కొడుతూ ఒకడు. నడుమ పట్టుపంచె, నిలువు నామం, చుట్టబట్ట మీద ఇత్తడి గుండిగ పెట్టుకుని నాగచైతన్య. కాళ్లకు చెప్పులు లేవు. తారు కాలుతుంటే పంటి బిగువున నడుస్తున్నాడు. వాడి పక్కన కంచిపట్టు చీరలో, తలనిండా మల్లెలతో, నల్ల కళ్లద్దాలతో రోజారాణి.

ఫొటోలో చూసిన మొహమే. పోల్చడానికి క్షణం పట్టలేదు. కానీ మొహాన్ని పట్టుకుంటే సరిపోదు. గుండిగలో బాక్స్ లేకపోతే? ఇది ఎరగా పంపిన బృందమై, అసలుది ఇంకో దారిన పోతుంటే? పిస్టల్ తీశాక మళ్లీ కాగు వెనక పెట్టుకోలేడు. పగిడయ్య ఒరిగిన కుర్చీ కళ్లముందు మెదిలింది. కోపాన్ని మింగి, గరిటె ముంచాడు.

"మజ్జిగ తాగి పోండ్రయ్యా. ఎండ పాడుగాను, మాడు పగులుతుంది."

నాగచైతన్య నవ్వాడు. "ఆ రాముడే నిన్ను ఇక్కడ నిలబెట్టాడు నాయనా."

"చిటికెడు తలంబ్రాలియ్యుండ్రి. ఇంట్ల పిల్లకు బాగలేదు."

"తప్పకుండా. ఇవ్వమ్మా."

రోజారాణి మునివేళ్లతో బట్ట పక్కకు జరిపి, గుండిగలోంచి చిటికెడు తీసి సంపత్ తువ్వాలులో వేసింది. ఎర్రటి గింజల మీద పచ్చటి గింజలు పడ్డాయి. పుండు మీద చీములా.

పసుపు తలంబ్రాలు. ఇవి ఆ గుడి మెట్లు ఎక్కినవి కావు, దిగినవీ కావు.

సంపత్ తల ఎత్తలేదు. తలెత్తితే కళ్లు అబద్ధమాడవు. రోజారాణి గ్లాసు అందుకుని ఒక గుక్క తాగింది. పచ్చిమిరపకాయ దంచి వేసిన మజ్జిగ. నింపాదిగా పెదవులు తుడుచుకుని, ఇంగ్లీషు జాడైనా లేకుండా అంది:

"మంచిగున్నది అన్నా. కారం సరిపోయింది."

ఈసారి తల ఎత్తక తప్పలేదు. నల్లద్దాల వెనక కళ్లు కనబడలేదు గానీ దవడ బిగిసి ఉంది. నిన్నటినుంచీ ఆమె మీద పెంచుకున్న కోపమంతా ఎక్కడ పెట్టాలో సంపత్‌కు తోచలేదు. పెట్టడానికి చోటు మాత్రం పక్కనే, నామం పెట్టుకుని నిలబడి ఉంది.

"సార్" అన్నాడు తువ్వాలుతో మొహం తుడుచుకుంటున్నట్టు. "కోడిపెట్ట దొరికింది."

చెక్‌పోస్టు గేటు ధడాలున కిందికి దిగింది. డోలక్ వాడికి అర్థమైపోయింది. డోలక్ మూత ఊడబెరికి లోపల చెయ్యి పెట్టాడు. పిస్టల్ సగం బయటికొచ్చేలోపే గరిటెడు మిరపకాయ మజ్జిగ వాడి రెండు కళ్లలో పడింది. వాడు కూలబడి కాళ్లు తన్నుకున్నాడు. రెండోవాడు చిడతలు పారేసి నడుములో చెయ్యి పెట్టేసరికి రోజారాణి ఆ చేతిని వెనక్కి విరిచి, వాణ్ణి మజ్జిగ కాగు మీదికి తోసింది. పట్టుచీర కుచ్చిళ్లు చెదరలేదు.

అంతలో నాగచైతన్య రోడ్డు నడుమకు ఉరికాడు. గుండిగను రెండు చేతులా తలపైకెత్తి పట్టుకున్నాడు.

"ఒక్క అడుగు వేస్తే నేలకేసి కొడతాను" అన్నాడు. గొంతులో ఇందాకటి భక్తి లేదు. "లోపల ఉన్నది జెల్లీ. తారు మీద పడితే నాకడానికి కూడా మిగలదు. గేటు తెరిపించు."

సంపత్ పిస్టల్ వాడి గుండెకు గురిపెట్టే ఉంది. దూరం ఎక్కువేం కాదు, తప్పదు. కాలిస్తే మాత్రం వాడితో పాటు గుండిగా పడుతుంది.

"గేటు తెరువు సంపత్" అన్నాడు చెవిలో కిషన్‌లాల్. "అడవిల పట్టుకుందాం."

అడవిలో పట్టుకునేసరికి పొద్దు గుంకుతుంది. బ్యాటరీ ఆరిపోతుంది. దవాఖానాలో అక్క చేతుల్లోంచి హర్షిత జారిపోతుంది. సంపత్ ఒళ్లంతా నిప్పుకణికలా ఉంది. వేలు ట్రిగ్గర్ మీద బిగుసుకుంది. వాణ్ణి కాల్చాలని ఉంది. పగిడయ్యను కాల్చినట్టే, అన్నం డబ్బా మూత తియ్యకముందు కాల్చినట్టే కాల్చాలని ఉంది. ఆ కోరిక ఎంత తియ్యగా ఉందంటే, అదొక్కటీ తీరితే చాలనిపించింది. కోపాన్ని తుపాకిల పెట్టకన్న మాట గుర్తొచ్చింది. వేలు వదులు చేశాడు.

గేటు ముందు ఆగిపోయిన ఆడవాళ్ల వైపు తిరిగాడు. గనుల కాలనీలవాళ్లు, అడవి పల్లెలవాళ్లు, చంకన పిల్లల తల్లులు, కర్ర ఊతంతో నడిచే ముసలమ్మలు. తుపాకీ చూసి కొందరు వెనక్కి జరుగుతున్నారు.

"అవ్వా" అన్నాడు సంపత్. "రాములోరి తలంబ్రాలు నేలపాలు చేస్తనంటుండు. కొంగు పట్టుండ్రి."

అంతే. వెనక్కి జరిగేవాళ్లు ఆగారు. తలంబ్రాలు ఎగిరితే కొంగు పట్టడం వాళ్లకు ఒకరు నేర్పాల్సిన పని కాదు. ఇందాక కల్యాణ మండపం దగ్గర అదే చేశారు, వాళ్ల తల్లులూ అదే చేశారు. నేల పడనిచ్చిన ఆడది లేదు. తుపాకీ ఎవరిదో, గుండిగలో ఏముందో ఎవరూ అడగలేదు. నాగచైతన్య చుట్టూ ఒక్కసారిగా కొంగులు విచ్చుకున్నాయి. నేతచీర కొంగు, నైలెక్సు కొంగు, పట్టు కొంగు, అంచుకు అంచు కలిపి, మోకాళ్ల ఎత్తున, రోడ్డు కనబడనంత దగ్గరగా పరుచుకున్నాయి. ముందు వరసలో పిచ్చమ్మ అనే పండు ముసలి కర్ర పారేసి రెండు చేతులా కొంగు సాచింది.

ఏడు భాషలు తెలిసిన నాగచైతన్యకు ఇదేమిటో అర్థం కాలేదు. వాళ్లు తనను పట్టుకోవడానికి వస్తున్నారనుకున్నాడు. కసిగా గుండిగను విసిరికొట్టాడు.

పసుపు బియ్యం వానలా కురిసింది. ఆ వానలోంచి స్టీలు డబ్బా ఒకటి జారి, తిరుగుతూ వచ్చి, పిచ్చమ్మ కొంగులో మెత్తగా పడింది. ఉయ్యాలలో పిల్లలా రెండుసార్లు ఊగి ఆగింది.

నాగచైతన్య అడవి వైపు పరుగు తీశాడు. రెండు అంగలు వేశాడో లేదో తారు అరికాళ్లకు అంటుకుని చర్మం లేచింది. సింగపూర్ పాదాలు. మూడో అంగ వెయ్యలేక మోకాళ్ల మీద పడ్డాడు. సంపత్ తీరిగ్గా నడిచివచ్చి, పిస్టల్ వాడి మెడకు ఆనించాడు.

"బూట్లు విడిచి రమ్మన్నడు పగిడయ్య. అక్కడ విడువలేదు, ఇక్కడ విడిచినవు. ఆ ముసలోని మాట ఇనుంటే నీ కాళ్లు నీకు మిగులుతుండె."

వెనక పిచ్చమ్మ డబ్బాను తిప్పి చూడబోతే రోజారాణి చప్పున అందుకుంది. కొంగులో మిగిలిన గింజలు అరచేతిలో వేసుకుని పిచ్చమ్మ కళ్లు చిట్లించింది.

"ఏందివి? పసుపు బియ్యమా? రాములోరి పేరు చెప్పి గివి మోస్తున్నవారా, నీ మొహం మండ" అంటూ కర్ర కోసం వెతుక్కుంది. కర్ర దొరికింది. పోలీసులు వచ్చేదాకా సంపత్ అడ్డం పోలేదు. ఆ మాత్రం ఆలస్యం ఎవరికైనా అవుతుంది.

చెక్‌పోస్టు వెనక చెట్ల చాటున సుజన వ్యాను ఆగి ఉంది, లోపల మైక్రోస్కోపు సిద్ధం. బాక్స్ మీద లైటు ఎర్రగా కొట్టుకుంటోంది. ఆమె పళ్లెం తీసేలోపు ఆరిపోయింది కూడా. సుజన కన్ను ఆనించింది. ఒక వరస చితికిపోయింది అంది. ఇంకో వరస చచ్చిపోయింది, నిన్న తేరుకున్నట్టు కనిపించిన రెంటిలో ఒకటి అంది. ఆ తర్వాత పళ్లేన్ని వెంట్రుకవాసి జరిపి మళ్లీ కన్ను ఆనించింది. సంపత్ వ్యాను తలుపు పట్టుకుని నిలబడ్డాడు. ఇనుము కాలుతున్న సంగతి కూడా తెలియలేదు.

"ఇది బతికిందండి" అంది సుజన చివరికి. తల ఎత్తకుండానే ఫోను అందుకుని ఖమ్మం దవాఖానాకు మందు పేరు చెప్పింది. ఒకటికి రెండుసార్లు, అక్షరం అక్షరం పలికి చెప్పింది.

వ్యాను నీడలో రోజారాణి కాళ్లు చాపుకుని కూర్చుంది. మల్లెలు తీసి పారేసింది. నాగచైతన్య తన పాసు లాక్కుని, తనను కారులో కట్టేసి పగిడయ్యను చంపిన సంగతి చెప్పింది. పొద్దున మెసేజ్ పెట్టింది తనే గానీ, చివరి మాట కొట్టేలోపే వాడు ఫోనూ లాక్కున్నాడు. అప్పటికి తన మీద అనుమానమేగానీ రుజువు లేదు వాడి దగ్గర. అందుకే నీ చేతుల మీదుగా తలంబ్రాలు తయారుచెయ్యి, అచ్చం అసలువాటిలా ఉండాలని పని పెట్టి పరీక్షించాడట.

"వాడికి తెల్వక పసుపు కలిపిండనుకున్న" అన్నాడు సంపత్.

"వాడికి తెల్వదు. నాకు తెల్వదా?" ఆమె నల్లద్దాలు తీసింది. ఒక కన్ను కింద కమిలి ఉంది. "మాది బూర్గంపాడు. మా అమ్మ ఏటా రాములోరికి గోటితోని వడ్లు ఒలిచి పంపేది. గులాల్ డబ్బా పక్కనే ఉన్నది సంపత్. కావాలనే పసుపు కలిపిన. ఈ దారిల ఈడ పుట్టినోడు ఒక్కడన్న నిలబడి ఉంటడని కలిపిన. నువ్వు నన్ను ఎన్ని తిట్లు తిట్టినవో చెప్పు, ఏమనుకోను."

సంపత్ తువ్వాలు కొసన మూటలోంచి ఎర్రటి గింజలు కొన్ని తీసి ఆమె చేతిలో పెట్టాడు.

నాగచైతన్య జైల్లో పడ్డాడు. నల్లబడ్డ గింజల ఫొటోలు చూపించాక, ఆ మాత్ర ఇక పంచకూడదని సర్కారు ఉత్తర్వు వేసింది. నోర్‌వాల్ట్ మాత్రం క్షమాపణ చెప్పలేదు. ఈసారి సారా మాట ఎత్తకుండా, అక్కడి ఎండలు మా మాత్రకు పడలేదని ఇంకో మెయిలు పంపింది. కిషన్‌లాల్ ఆ మెయిలు చదివి వినిపిస్తే సంపత్ పిడికిలి మళ్లీ బిగుసుకుంది. పగిడయ్య భార్యకు ఏ దేశపు భాషలో ఏం చెప్పినా మొగుడు లేచిరాడు. ఆ కోపం చల్లారేది కాదు, చల్లారకూడదు కూడా. కండ్లల్ల పెట్టు, ఇంకా పనుంది అన్నాడు కిషన్‌లాల్.

దవాఖానాలో హర్షిత దిండుకు ఆనుకుని కూర్చుంది. కళ్లలో తెలుపు మెల్లగా తిరిగి వస్తోంది. అక్క తమ్ముడి చేతిలో టీ గ్లాసు పెట్టి, అప్పుడు ఏడ్చింది. సంపత్ జరిగిందంతా చెప్పాడు. చెప్పకూడనివి కూడా కొన్ని చెప్పాడు. డబ్బా, గుండిగ, కొంగులు, పిచ్చమ్మ కర్ర, అన్నీ విన్నాక హర్షిత మూతి ముడిచింది.

"బాగనే ఉన్నది మామా. ఈయేడు నువ్వు నన్ను ఇడిచిపెట్టి, నా కార్జాన్ని ఒక్కదాన్నే రాములోరి పెళ్లికి తీసుకపోయినవన్నట్టు."